రసీదులో రెండో గీత

దేవదానం పోయిన సంగతి నాకు మూడు వారాల తర్వాత తెలిసింది. బ్యాంకులో పెన్షన్ కాగితం ఇవ్వడానికి వరసలో నిలబడి ఉంటే, కంకిపాడులో ఆయనతో కలిసి బడిపంతులు ఉద్యోగం చేసిన ఒకాయన మాటల మధ్యలో చెప్పారు. మేమిద్దరం కాలేజీలో కలిసి చదువుకున్నామని ఆయనకు తెలుసు. నాకు కబురు అందే ఉంటుందనుకున్నారట. విజయవాడకీ కంకిపాడుకీ మధ్య ఉన్నది ఎంత దూరమో ఆ దారిన తిరిగే ఎవరికైనా తెలుసు. సిటీ బస్సు ఎక్కి, కునుకు పట్టేలోపు దిగిపోవచ్చు. ఆ దూరంలో ఉన్న మనిషి పోతే నాకు మూడు వారాలకు తెలిసిందంటే తప్పు దూరానిది కాదు.

మర్నాడు వెళ్ళాను. మేడ లేని చిన్న డాబా, ముందు గదిలో గోడకు ఆయన ఫొటో, దాని కింద ఒక కుర్చీ. ఆయన భార్య నన్ను గుర్తుపట్టలేదు. కూతురు ప్రసన్న గుర్తుపట్టింది. ఇంటర్ కాలేజీలో తెలుగు చెబుతున్నదట. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, లోపలికి వెళ్ళి ఒక రసీదు పుస్తకం తెచ్చింది. "నాన్న ట్రంకు పెట్టెలో సర్టిఫికెట్ల కింద ఉందండి అంకుల్. కొన్ని మీ పేరుతో ఉన్నాయి. ఇది మీ అక్షరమేనా?" అని అడిగింది.

నా అక్షరమే. అట్ట రంగు వెలిసి, కుట్టు దారం తుప్పు రంగుకి తిరిగింది. రసీదులు చింపేసిన చోట కౌంటర్ ముక్కలు వరసగా మిగిలి ఉన్నాయి. చివరి పాతిక ముప్పై కాగితాలు వాడకుండా అలాగే ఉన్నాయి. ప్రతి కాగితం మీదా మూడు చుక్కల గీతలు అచ్చయి ఉన్నాయి: ఇచ్చినవారు, ఎవరి కోసం, అడిగినవారు. వెనక అట్ట లోపలివైపు పెన్సిల్‌తో ఏదో సన్నగా రాసి ఉంది, మధ్య మధ్య ఖాళీలతో. అప్పుడు నేను దాన్ని సరిగా చూడలేదు. నా కళ్ళు ఒక కౌంటర్ ముక్క కోసం వెతుకుతున్నాయి. దొరికింది. "అప్పట్లో అందరం కలిసి చందాలు తిరిగేవాళ్ళమమ్మా" అని మాత్రం చెప్పాను. అది అబద్ధం కాదు. చెప్పాల్సింది కూడా అది కాదు.

కాలేజీలో చదివే రోజుల్లో నేను పటమటలో మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. మావయ్యకు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు ఉండేది. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు గుర్తే. ఉదయం అత్తయ్య పొయ్యి మీద కాచే పాల వాసన, సాయంత్రం మావయ్య చేతుల నుంచి వచ్చే గ్రీజు, కిరోసిన్ వాసన. కొట్టు మూసి రాగానే ఆయన పెరట్లో గట్టు మీద కూర్చుని, ముందు కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకుని, తర్వాత రంపపు పొట్టుతో రుద్ది, ఆ పైన బట్టల సబ్బుతో రెండుసార్లు కడుక్కునేవాడు. గోళ్ళ సందుల్లో నలుపు మాత్రం ఎప్పటికీ పోయేది కాదు. అత్తయ్య తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడేది. అప్పుడే ఆ రోజు కొట్లో సంగతులన్నీ చెప్పుకునేవాళ్ళు. అన్నంలో ఉలవచారు, మీద వెన్న వేసుకుంటే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. మావయ్య చెడ్డవాడు కాదు. ఎవరికి జ్వరమొచ్చినా రిక్షా మాట్లాడించేవాడు. గుడికీ బడికీ ఎవరడిగినా లేదనేవాడు కాదు. నోట్లు కళ్ళకద్దుకుని ఇచ్చేవాడు. ఒకే ఒక్క అలవాటుండేది. కొత్త మనిషి ఇంటికి వస్తే, కుర్చీ చూపించే ముందు, "ఏ ఊరు నాయనా?" అనేవాడు. ఊరు చెప్పగానే, "ఊళ్ళో ఎటువైపు?" అనేవాడు. ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి కుర్చీయో, గట్టో, గుమ్మమో తేలేది. అందులో కోపం గానీ వెక్కిరింత గానీ ఉండేవి కావు. బేరింగు నంబరు అడిగినట్టే అడిగేవాడు. నేనూ ఆ ప్రశ్న వింటూ పెరిగినవాణ్ణే కాబట్టి చాలా కాలం అది నాకు ప్రశ్నలా కూడా వినపడలేదు.

మా కాలేజీలో వార్షికోత్సవానికి మాత్రం డబ్బిచ్చేవాళ్ళు. మిగతా ఏడాదంతా ఎవరి తంటాలు వాళ్ళవి. చిన్న చిన్న బృందాలు మాత్రం నాలుగుండేవి. నేనున్న సాహితీ సమితి నెలకోసారి కథలు చదివించేది. కమల నడిపే క్రైస్తవ గాన బృందం డిసెంబరు వచ్చేసరికి ఊరంతా తిరిగేది. అమ్మాయిల నాటక బృందం ఒకటి. నాలుగోది హాస్టలు కుర్రాళ్ళ డప్పు బృందం, దేవదానంది. అందరికీ లేనిది ఒకటే, డబ్బు. ఒక మధ్యాహ్నం క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చుని ఈ సంగతే మాట్లాడుకుంటున్నప్పుడు కమల ఒక మాట అంది. "మాకోసం మేం అడిగితే అడుక్కున్నట్టుంటుంది. మాకోసం మీరడిగితే అది మర్యాదగా ఉంటుంది." అంతే, అదే మా నియమమైంది. ఎవరి కార్యక్రమానికి వాళ్ళు చందా తిరగకూడదు. మిగిలిన మూడు బృందాలూ తిరగాలి. ఎవరి కోసమో పేరు చెప్పి అడగాలి. కమల వాళ్ళ నాన్న గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేసేవాడు. మిగిలిపోయిన కాగితం మీద మాకు ఊరికే రసీదు పుస్తకం అచ్చు వేసి ఇచ్చాడు. మామూలు రసీదులో లేని ఆ రెండో గీత, "ఎవరి కోసం" అన్నది, కమల చెప్పి పెట్టించిందే.

ఇప్పుడు తలుచుకుంటే అది ఎంత పెద్ద సంగతో అనిపిస్తుంది. అప్పుడు మాకది ఆటలా ఉండేది. గుళ్ళో పూజారి గారి అబ్బాయి, మా సమితిలోవాడు, క్రిస్మస్ పాటల బృందానికి చందా అడుగుతూ బ్రాహ్మణ వీధి తిరిగాడు. "మీకెందుకు బాబూ వాళ్ళ సంగతి?" అని అడిగితే, "మా కథల సభకు వాళ్ళు తిరిగారు పిన్నిగారూ, బాకీ" అనేవాడు. ఆవిడ నవ్వి ఇచ్చేది. కొందరు ఇచ్చేవాళ్ళు కాదు. ఇవ్వకపోయినా ఆ ఇంటి ముందు ఒకరి పేరు ఇంకొకరి నోటి వెంట వినపడేది. అలా రెండేళ్ళు గడిచాయి.

దేవదానం మా సమితి కోసం తిరిగిన రోజులు ఈ పుస్తకంలో ఉన్నాయి. ఆయన అక్షరం నిటారుగా, ఒక్కో అక్షరం విడివిడిగా ఉంటుంది. హాస్టలు వంటమనిషి, రెండు రూపాయలు, సాహితీ సమితి కోసం. సైకిళ్ళ కొట్టు, రూపాయి, సాహితీ సమితి కోసం. కాలువ గట్టు పని మేస్త్రీ, మూడు రూపాయలు, సాహితీ సమితి కోసం. ఒకచోట "మా నాన్న, అయిదు రూపాయలు" అని ఉంది. అది నాకు బాగా గుర్తు. శనివారం ఇద్దరం ఒకే బస్సులో ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. మా ఊరు ముందొచ్చేది, వాళ్ళ ఊరు తర్వాత. సోమవారం తిరిగి వస్తూ బస్సులో ఆ అయిదు రూపాయల కాగితం నా చేతిలో పెట్టాడు.

"మీ నాన్ననీ వదల్లేదా?" అన్నాను.

"అడిగాడురా, కథలు చదివితే ఏం వచ్చిద్దిరా అని. ఏదో ఒకటి వచ్చిద్దిలే నాన్నా, ముందు డబ్బులియ్యి అన్నా."

"ఇచ్చాడా?"

"ఇచ్చాడు. మీ కథల్లో మా పేట వస్తే చెప్పమన్నాడు. రాలేదని చెప్పలా నేను."

ఆ మాటకు బస్సులో ఇద్దరం నవ్వుకున్నాం. వాళ్ళ నాన్న యాకోబు కూలికి వెళ్ళేవాడు. చావులకూ జాతరలకూ డప్పు కొట్టేవాడు. అయిదు రూపాయలంటే ఆ మనిషికి ఎంతో నాకు తెలియక కాదు. తెలిసీ నవ్వాను.

మూడో ఏడు డప్పు బృందం పెద్ద కార్యక్రమం తలపెట్టింది. అంతకు ముందు వాళ్ళు తమ పేరు రాసుకునే చోట "జానపద డప్పు బృందం" అని రాసుకునేవాళ్ళు. ఈసారి "మాదిగ డప్పు బృందం" అని రాస్తామన్నారు. మెట్ల మీద అందరం కూర్చున్నాం. జానపదం అంటే అందరికీ బాగుంటుంది కదా అని నేనే అన్నాను. దేవదానం కోప్పడలేదు.

"డప్పు అంటే అందరూ చప్పట్లు కొడతారు మోహన్. ఎవరి డప్పు అంటే నోరెత్తరు. మాకు ఆ రెండోదే కావాలి" అన్నాడు.

ఆ కార్యక్రమం డప్పు కోసం మాత్రమే కాదు. యాకోబుకు ఒక పాట వచ్చు. గంటసేపు సాగే పాట. వాళ్ళ పేటకు మొదట ఎవరెవరు, ఏ ఏ ఊళ్ళ నుంచి, ఎందుకు వచ్చారు, ఏ కాలువ తవ్వారు, ఏ వరదకు ఎవరు పోయారు అన్నదంతా పేర్లతో సహా ఉంటుందట. ఆ పాట కాగితం మీద లేదు. వాళ్ళ నాన్న తర్వాత ఎవరికీ పూర్తిగా రాదు. "ఇంట్లో పాడమంటే పాడడురా. ఇది కూర్చుని పాడేది కాదు, జనం ముందు నిలబడి డప్పు మీద పాడాలి అంటాడు. అందుకే కాలేజీకి తీసుకొస్తన్నా" అన్నాడు. మైకు సెట్టు అద్దెకిచ్చే మనిషి దగ్గర టేప్ రికార్డరు ఉంది. మైకుతో పాటు పాటను క్యాసెట్టులో పట్టి ఇస్తానన్నాడు. రెంటికీ కలిపి నాలుగు వందలు అడిగాడు. అంత మొత్తం మేం అప్పటిదాకా ఎప్పుడూ వసూలు చెయ్యలేదు. ఆటోనగర్ అయితే వస్తుంది అని అందరూ నా వంక చూశారు. నేను సరేనన్నాను.

ఆ రోజు పటమట నుంచి ఆటోనగర్ దాకా సైకిలు తొక్కుతూ దారంతా ఆ వాక్యం సాధన చేశాను. "మావయ్యా, మా కాలేజీ మాదిగ డప్పు బృందం కార్యక్రమం ఉంది, చందాకు వచ్చాను." ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. కొట్టు ముందు లారీ కమాన్ కట్టలు పేర్చి ఉన్నాయి. మావయ్య పక్క కొట్ల వాళ్ళు ముగ్గురితో టీ తాగుతున్నాడు. "రా అల్లుడూ, టీ తాగుతావా?" అన్నాడు. చందాకు వచ్చానన్నాను.

"ఎవరికిరా?"

నలుగురూ నా వంక చూశారు. వెక్కిరించే చూపులు కావు. ఎండలో వచ్చిన కుర్రాణ్ణి చూసినట్టు చూశారు.

"సాహితీ సమితికి మావయ్యా" అన్నాను.

మావయ్య మొహం విచ్చుకుంది. "మా వాడు కథలు రాస్తాడు" అని పక్కవాళ్ళకు చెప్పి, నూట పదహారు తీసి కళ్ళకద్దుకుని ఇచ్చాడు. మిగతా ముగ్గురి చేతా తలా నూట పదహార్లు ఇప్పించాడు. నాలుగు వందల అరవై నాలుగు. రసీదు పుస్తకం తియ్యమన్నాడు. తనే వంగి చూస్తూ, "రెండువైపులా రాయి, లెక్క లెక్కే" అన్నాడు. ఎవరి కోసం అన్న గీత మీద, రసీదు ముక్కలోనూ కౌంటర్ ముక్కలోనూ, సాహితీ సమితి అని రాశాను. డబ్బు వచ్చింది కదా, దేనికి ఇవ్వాలో దానికే ఇస్తున్నాను కదా అని తిరుగు దారిలో నాకు నేను చెప్పుకున్నాను. ఆ సాయంత్రం నోట్లు దేవదానానికిచ్చాను. పుస్తకం మాత్రం కాగితాల మధ్య దాచుకున్నాను. వాడు నోట్లు లెక్కపెట్టుకుని, "మీ మావయ్య మంచోడ్రా. పేరు చెప్పగానే ఇచ్చాడా?" అని అడిగాడు. ఇచ్చాడని తలూపాను.

కార్యక్రమం రోజు మధ్యాహ్నం మూడు గంటలకు మైదానం మూల గడ్డి మంట వేసి కుర్రాళ్ళు డప్పులు కాచుకుంటున్నారు. తోలు వేడెక్కుతున్న వాసన, పొగ. యాకోబు తెల్లటి చొక్కా వేసుకుని, చెప్పులు పక్కన విడిచి, మంటకు కొంచెం దూరంగా నిలబడి ఉన్నాడు. మైకు మనిషి సామాను దించాడు గానీ, అద్దె చేతిలో పడందే వైరు లాగనన్నాడు. దేవదానం అతని దగ్గరికే వెళుతున్నాడు. అప్పుడు గేటులోంచి స్కూటరు లోపలికి వచ్చింది. మావయ్య, వెనక టీ తాగిన వాళ్ళలో ఒకాయన. మేనల్లుడి సభ చూద్దామని కొట్టు కట్టేసి వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. ఆ మధ్యాహ్నం కాలేజీలో సభ ఉందని నేను ఇంట్లో అన్న మాట అత్తయ్య నోటి నుంచి విన్నారట.

ఎదురుపడ్డది దేవదానమే. "సాహితీ సమితి సభ ఎక్కడ బాబూ?" అని అడిగాడు మావయ్య.

"ఇవాళ ఆ సభ లేదండి. డప్పు కార్యక్రమం ఉందండి."

"అదేంటి, మా మేనల్లుడు మోహన్ చందా పట్టుకెళ్ళాడే. నాలుగు వందల పైచిలుకు."

నేను పదడుగుల దూరంలో ఉన్నాను. దేవదానం నా వంక చూశాడు. ఆ చూపులో ఇంకా కోపం లేదు. నేను ఏదో చెబుతాననే ఎదురు చూస్తున్నట్టుంది. అక్కడ నిజం చెప్పడానికి నాకింకా వీలుంది. మావయ్యకు మొదటి అబద్ధం ఆటోనగర్‌లో చెప్పాను, దానికి ఏదో ఒక సాకు ఉండొచ్చు. రెండోది దేవదానం ఎదుట చెప్పాను.

"అది వచ్చే నెల మావయ్యా. ఆ డబ్బు దానికే ఉంచాం" అన్నాను.

"అదీ సంగతి" అని మావయ్య తేలిగ్గా నవ్వాడు. దేవదానం చొక్కా జేబులోంచి నోట్ల మడత తీసి, ఆ రోజు కరపత్రం ఒకదాంట్లో చుట్టి, నా దగ్గరికి వచ్చాడు. "ఇవి మీ సమితివంట. తీసుకోండి" అన్నాడు. నేను చెయ్యి చాచలేదు. పక్కనున్న నా సైకిలు బుట్టలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు దాకా నన్ను ఏరా అన్నవాడు, ఆ రోజు నుంచి పోయేదాకా మీరు అన్నాడు.

మైకు మనిషి సామాను మళ్ళీ రిక్షాలో పెట్టుకున్నాడు. నేను వెళ్ళి ఆ బుట్టలో డబ్బు అతని చేతిలో పెట్టి ఉండొచ్చు. ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా. ఈ ఆలోచన నాకు తర్వాత వచ్చింది కాదు. అప్పుడే వచ్చింది. మావయ్య పక్కన ఉన్నాడు కాబట్టి కదల్లేదు. డప్పులకు మైకు అక్కర్లేదు. ఆ దరువు కాలువ అవతలి ఇళ్ళకు కూడా వినపడి ఉంటుంది. పాట వేరు. యాకోబు నిలబడి గొంతెత్తాడు. మైదానం పెద్దది, గాలి ఎదురుగా ఉంది. ముందు రెండు వరసల వాళ్ళు తప్ప మిగతా వాళ్ళు కాసేపటికి తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆయన ఆపలేదు. గంటసేపు పాడాడు. మావయ్య వెళ్ళిపోతాడనుకున్నాను, వెళ్ళలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, గేటు పక్కన చివరిదాకా నిలబడ్డాడు. ఆయనతో పాటు నేనూ.

వారం తర్వాత దేవదానం కమల ద్వారా నా దగ్గరున్న రసీదు పుస్తకం అడిగించాడు. ఇచ్చేశాను. తెరిచి చూసి ఉంటాడు. డప్పు బృందం మాతో కలవడం మానేసింది. ఎందుకో దేవదానం ఎవరికీ చెప్పలేదు. కమల ఒకసారి నన్నడిగింది. "వాళ్ళకేదో ఇబ్బంది" అన్నాను. ఆ తర్వాత నియమం దానంతటదే పోయింది. గాన బృందం చర్చిల్లో అడిగింది, మేం మా చుట్టాల దగ్గర అడిగాం, హాస్టలు పిల్లలు వాళ్ళవాళ్ళలో ఉద్యోగాలున్నవాళ్ళ దగ్గర అడిగారు. నిజం చెప్పాలంటే అందరికీ ముందుకంటే ఎక్కువే వచ్చింది. ఆ నాలుగు వందల అరవై నాలుగుతో సాహితీ సమితి సభ ఘనంగా జరిగింది. కథల తర్వాత మిరపకాయ బజ్జీలు, టీ. ఆ బజ్జీలు నేనూ తిన్నాను. యాకోబు ఆ వేసవిలోనే పోయాడు. బస్టాండులో ఎదురైనప్పుడు దేవదానమే చెప్పాడు. "నాన్న పోయారండి" అని. తర్వాత ఎన్నోసార్లు అలాగే ఎదురయ్యాం. బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నాం.

మావయ్య కొట్టు కొడుక్కి అప్పజెప్పాక కూడా సాయంత్రం పెరట్లో గట్టు మీద కూర్చుని చేతులు కడుక్కునేవాడు. కడగడానికి వాటి మీద ఏమీ ఉండేది కాదు. అలా ఒకరోజు ఉన్నట్టుండి, "ఆ రోజు మీ కాలేజీలో మైకు లేదేంరా? ఆ పెద్దాయన ఏవో పేర్లు చెబుతా ఉన్నాడు, వినపడలా" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత ఆయనకు మొత్తం చెప్పాను. చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"పేరు చెప్పి అడగాల్సింది. ఇచ్చేవాణ్ణో లేదో నాకూ తెలవదు. నన్నడక్కుండానే నేను ఇవ్వనని నువ్వే అనుకున్నావు" అన్నాడు.

దేవదానానికి చేసిన అన్యాయం ఒక్కటే అనుకుంటూ వచ్చాను. ఆ మాట విన్నాక మావయ్యకు కూడా ఒకటి చేశానని తెలిసింది. ఆయన అవునంటాడో కాదంటాడో తేలాల్సిన ఒక్క రోజును ఆయన దాకా రానివ్వలేదు.

ప్రసన్నతో ఆ మొదటి రోజు ఇవేవీ చెప్పలేదు. బయల్దేరబోతుంటే, వాళ్ళ కాలేజీలో ఆడపిల్లలు కొందరు డప్పు నేర్చుకుని మాదిగ డప్పు బృందమనే పేరు పెట్టుకున్నారనీ, నాన్న పేరు మీద వచ్చే నెల ఒక సాయంత్రం పెడుతున్నామనీ చెప్పింది. ఖర్చులకు ఎవరు తిరుగుతున్నారని అడిగాను. "మేమే అంకుల్. ఇంకెవరు తిరుగుతారు?" అంది. ఇప్పుడు ఏ కాలేజీలో చూసినా అంతే. ఎవరి ఫ్లెక్సీ వాళ్ళదే, ఎవరి వాట్సాప్ గ్రూపు వాళ్ళదే. ఎవరి వాళ్ళు వాళ్ళకిస్తారు. దాన్ని తప్పనే అర్హత నాకు లేదు. పుస్తకం రెండు రోజులు నా దగ్గర ఉంచుకుంటానని అడిగి తీసుకున్నాను.

ఆటోనగర్‌లో మావయ్య కొట్టు ఇప్పుడు అద్దాల తలుపుల కొట్టయింది. మావయ్య కొడుకు కిశోర్ కంప్యూటరు ముందు కూర్చుని ఎవరితోనో ఫోన్‌లో క్లచ్ ప్లేట్ల రేట్లు మాట్లాడుతున్నాడు. నేను కుర్చీలో కూర్చుని, అతను ఫోన్ పెట్టేదాకా ఆగి, గొంతు సవరించుకున్నాను. ఆ రోజు సాధన చేసిన వాక్యాన్ని, పిలుపూ కాలేజీ పేరూ మాత్రం మార్చి, అలాగే చెప్పాను. ఒక్క మాట కూడా మింగలేదు.

"దేనికైతే ఏంటి బావా, నువ్వడిగితే చాలదా? నంబర్ చెప్పు, కొట్టేస్తా" అన్నాడు.

"మాదిగ డప్పు బృందం కోసం కిశోర్" అన్నాను మళ్ళీ.

"విన్నాలే బావా. డొనేషన్ అని పెట్టా" అని ఫోన్ చూపించాడు. అయిదు వేలు. చేతిలో మళ్ళీ ఫోన్ మోగింది.

ఆ పాత పుస్తకంలోనే రసీదు రాశాను. రెండో గీత మీద పూర్తి పేరు, రెండువైపులా. చింపి అతని ముందు పెట్టాను. ఫ్యాన్ గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక బేరింగు డబ్బా పెట్టి, మాటల్లో పడ్డాడు. చదవలేదు. చదవాల్సిన అవసరం అతనికి లేదు. ఆ పేరు చెప్పడానికి నాకు ఈసారి ఏమీ కాలేదు. నా దగ్గర నుంచి ఏదీ పోలేదు. అప్పుడు చెప్పి ఉంటే పోయేదేమో, అప్పుడే చెప్పాల్సింది.

అక్కడి నుంచే కంకిపాడు వెళ్ళాను. ప్రసన్నకు పుస్తకం ఇచ్చి, ముందు పాత కౌంటర్ ముక్క చూపించి, జరిగిందంతా చెప్పాను. మొదటి అబద్ధం, రెండోది, సైకిలు బుట్ట, బజ్జీలు. చెప్పడం అయిపోయాక, ఆమె పుస్తకం తిప్పి వెనక అట్ట తెరిచింది. పుస్తకం నా దగ్గరున్న రెండు రోజులూ చదవని ఆ పెన్సిల్ రాతను ఈసారి చూశాను. దేవదానం అక్షరం. యాకోబు పాటలో వాడికి గుర్తున్నంత మేర రాసుకున్నాడు. ఫలానా ఊరి నుంచి నడిచొచ్చినవాడు, తర్వాత ఖాళీ. కాలువ తవ్వుతూ పడిపోయినవాడు, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలన్నీ పేర్లు.

"నాన్న డప్పు కొడుతుండటంతో సరిగా వినలేకపోయారంట అంకుల్. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నారు. ఇవి మాత్రం రాలేదు. ఆ రోజు ముందు కూర్చున్నవాళ్ళు ఎవరైనా దొరికితే అడగాలి అనేవారు" అంది. టీపాయ్ మీద పెన్సిల్ తీసి పట్టుకుంది. "మీరు అక్కడే ఉన్నారుగా. ఒక్క పేరైనా గుర్తుందా?"

కళ్ళు మూసుకుని ఆ మైదానం గుర్తు తెచ్చుకున్నాను. పొగ, తెల్లటి చొక్కా, ఎత్తిన చెయ్యి, కదులుతున్న పెదవులు అన్నీ కనపడుతున్నాయి. నేను గేటు పక్కన, మావయ్య భుజం చాటున ఉన్నాను.

"నేను వెనక ఉన్నానమ్మా. అక్కడికి వినపడలేదు" అన్నాను.

ఆమె పెన్సిల్‌ని ఆ పేజీలోనే ఉంచి పుస్తకం మూసింది.